మాయాబజార్ ప్రొజెక్టర్‌లో అడ్డంగా సాగుతోందా?

తాడిపత్రిలో మేడ మీద వేసిన షోలో ఘటోత్కచుడు అడ్డంగా సాగిపోయాడు, జూమ్ చేస్తే కిరీటం తెగిపోయింది అన్నారు. ఫైల్ పాడై ఉండదు. 1957 నాటి ఆ సినిమా ఫ్రేమ్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి దాదాపు 4:3. వెడల్పు తెర నింపడానికి ఏదో ఒక సెట్టింగ్ దాన్ని లాగుతోంది.

1. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ వీడియో ప్లేయర్ వాడుతుంటే, ఆస్పెక్ట్ (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) మార్చే ‘ఏ’ మీట నొక్కుతూ పోయి ‘డిఫాల్ట్’ దగ్గర ఆపండి. ‘సి’ మీట కూడా అంతే, అది క్రాప్‌కి, అంటే అంచులు కత్తిరించడానికి.

2. చాలామంది వదిలేసేది ఇదే. ప్రొజెక్టర్‌కు సొంతంగా ఆస్పెక్ట్ సెట్టింగ్ ఉంటుంది. రిమోట్‌తో మెనూలోకి వెళ్లి ‘ఆటో’ పెట్టండి. 4:3 పెడదామనిపిస్తుంది, వద్దు. ల్యాప్‌టాప్ అప్పటికే రెండు పక్కలా నల్ల పట్టీలు కలిపి 16:9 వెడల్పు బొమ్మ పంపుతుంటుంది. దాన్ని మళ్లీ 4:3 చేస్తే మనుషులు పీక్కుపోయినట్టు కనిపిస్తారు.

3. ‘వివాహ భోజనంబు’ పాటలో లడ్డూలు ఎగిరొచ్చే చోట పాజ్ చేయండి. లడ్డూ గుండ్రంగా ఉంటే కొలత కుదిరినట్టే.

లడ్డూ గుండ్రంగానే ఉండి, నల్ల పట్టీలు లేకుండా తలలు తెగుతుంటే ఆ కాపీనే కత్తిరించింది. సెట్టింగులతో బాగుపడదు, వేరే కాపీ చూసుకోండి.

షాట్ షాట్‌కీ ఆపి మాట్లాడుకుంటాం అన్నారు కాబట్టి బ్లాక్ అండ్ వైట్ కాపీయే తీసుకోండి. 2010లో వచ్చిన రంగుల వెర్షన్‌లో నిడివి తగ్గించారు. దర్శకుడు కె.వి.రెడ్డి గారి సొంతూళ్లో వేస్తున్నారు, కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే పెట్టిన ఫ్రేమ్ అంచుల దాకా కనబడాల్సిందే. పట్టీలేంటని ఎవరైనా అడిగినా జూమ్ మాత్రం ముట్టుకోకండి.