పాత ఫోర్ బై ఫోర్ బాడీకి తుప్పు: లప్పం పెట్టి రంగు వేయిస్తే సరిపోతుందా?

మీరు చెప్పినదాన్ని బట్టి వెనక చక్రం కమాను (చక్రం పైన వంపుగా ఉండే రేకు) మీద రంగు పొంగింది, డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోర్ మెత్తగా తగులుతోంది. పెయింటరేమో పైన గీకి, లప్పం పెట్టి రంగు కొట్టేస్తానంటున్నాడు. దయచేసి ఒప్పుకోకండి. నాలుగు వానలు పడేసరికి అదే చోట మళ్లీ పొంగుతుంది, ఈసారి ఇంకా పెద్దగా. నాదీ ఛాసిస్ మీద బోల్టులతో బాడీ బిగించిన పాత బండే. దాని ఫ్లోరు, రెండు పక్కల సిల్స్ (డోర్ల కింద పొడవునా ఉండే బోలు రేకు దూలాలు), వెనక కమానులు నా చేతులతోనే కోసి అతికాను. ఆ పనిలో తెలిసిందే చెబుతున్నాను.

రంగు పొంగిందంటే తుప్పు చాలాసార్లు రేకు వెనక మొదలై ముందుకు వచ్చిందని అర్థం. బయటి వైపు ప్రైమరు, రంగు బాగానే ఉంటాయి. లోపలి వైపు ఉండేది పల్చటి పూతే. చక్రం విసిరిన బురద లోపలి కమాను, బయటి రేకు కలిసే మడతలో కూరుకుపోతుంది. నా బండిలో పైకి కనబడిన పొంగు బొటనవేలి గోరంత. లోపలి ప్యానెల్ ఊడదీసి చూస్తే మడత పొడవునా మట్టి గట్టిపడి ఉంది. బండి చాన్నాళ్లుగా షెడ్డు దాటకపోయినా, ఆ గడ్డ పగలగొడితే లోపల ఇంకా చెమ్మగానే ఉంది. దాని వెనక రేకు పొరలు పొరలుగా చేతికే ఊడి వచ్చింది. తుప్పుగా మారిన ఇనుముకి అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు కావాలి. అందుకే రెండు రేకుల మధ్య పుట్టిన తుప్పు, ఆ రేకుల్ని చుక్కలు చుక్కలుగా కలిపే స్పాట్ వెల్డింగులను కూడా విడదీయగలదు. అలాంటి చోట పైన లప్పం ఎంతకాలం నిలుస్తుంది?

కాబట్టి ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో పట్టుకోండి. సీట్లు, మ్యాట్లు, వాటి కింద ఉండే ఫెల్ట్ మొత్తం తీసేయండి. ఒకరు లోపల టార్చితో కూర్చుంటే, ఇంకొకరు పైపుతో అద్దం చుట్టూ, డోర్ల మీద, బానెట్ కింద గాలి వచ్చే తూముల మీద నెమ్మదిగా నీళ్లు పట్టాలి. ముందు అద్దం రబ్బరు కింది మూల నన్నడిగితే మొదటి అనుమానితురాలు. అక్కడ కారిన నీరు డ్యాష్‌బోర్డు వెనకగా దిగి సరిగ్గా కాళ్ల దగ్గర చేరుతుంది. బండిలో హీటర్ ఉంటే, ఆ తడి వేళ్ల మధ్య జిడ్డుగా జారుతోందేమో చూడండి. జారితే అది వాన నీరు కాదు, హీటర్ నుంచి కారే కూలెంట్. డోర్ల కింద, సిల్స్ కింద ఉండే చిన్న రంధ్రాలు నీళ్లు పోవడానికే పెట్టినవి. అవి పూడిపోతే డోరు లోపల నీళ్లు నిలిచిపోతాయి.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో రేకంతా తట్టుతూ పోండి. మంచి రేకు ఖంగుమంటుంది, పోయిన రేకు డబ్‌మంటుంది. అనుమానం ఉన్న చోట మొనతో గట్టిగా పొడవండి. ఇప్పుడే చిల్లు పడనివ్వండి, అదే మంచిది.

పైపైన తుప్పు పట్టి, రేకు గట్టిగా ఉంటే వెల్డింగ్ అక్కర్లేదు. కానీ వైర్ బ్రష్ మీద మాత్రం ఆధారపడకండి. గుంటల్లో ఉన్న తుప్పును అది తీయకుండా నల్లగా మెరిసేలా రుద్దుతుంది, చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. గ్రైండర్‌కి స్ట్రిప్ డిస్క్ (రంగు, తుప్పు గీకే గరుకు చక్రం) తగిలించి తెల్లటి లోహం కనబడేదాకా తీయాలి. గుంటల్లో మిగిలినదానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం పనికొస్తుంది. డబ్బా మీద చెప్పినట్టు కడిగి, పూర్తిగా ఆరబెట్టకపోతే దాని మీద ప్రైమర్ పట్టదు. తుప్పును నల్లటి పూతగా మార్చే కన్వర్టర్లు కూడా రేకును అంటుకుని ఉన్న తుప్పు మీదే పనిచేస్తాయి, రాలే పొలుసుల మీద కాదు.

మీ ఫ్లోర్ మెత్తబడింది కాబట్టి కోయక తప్పదు. చిల్లు వరకే కోస్తే చాలదు. నిండు మందం ఉన్న రేకు చేరేదాకా కోయండి, లేకపోతే వెల్డింగ్ పెట్టగానే అంచు కరిగి కారిపోతుంది. బాడీ రేకు సుమారు 1 మిల్లీమీటర్ మందం ఉంటుంది, అతుక్కి కూడా అంతే తీసుకోండి. మిగ్ వెల్డింగుకి (తీగ దానంతటదే ముందుకొచ్చి కరిగే రకం) 0.6 మిల్లీమీటర్ల తీగ వాడితే వేడి అదుపులో ఉంటుంది. ఒకే గీతగా లాగొద్దు. చుక్క ఇక్కడొకటి, దానికి దూరంగా ఇంకొకటి, మధ్యలో చల్లారనిస్తూ అతకాలి. ఓపిక లేకపోతే రేకు వంకర్లు తిరుగుతుంది. కమాను లాంటి కనబడే చోట అంచుకు అంచు చేర్చి అతకడమే నాకిష్టం. ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ సందులో మళ్లీ చెమ్మ దాక్కుంటుంది.

వెల్డింగ్ ముందు బ్యాటరీ విప్పేయాలి, పెట్రోల్ పైపులు ఎటు పోతున్నాయో చూడాలి, ట్యాంకు దగ్గరైతే దించేయాలి. రేకు అవతల ఫెల్ట్ గానీ తారు పూత గానీ ఉంటే అంటుకుంటుంది. అందుకే అగ్నిమాపక సిలిండర్‌తో ఒక మనిషి పక్కనే ఉండాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ ఎప్పుడూ చేయకండి, ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. జింకు పూత ఉన్న రేకైతే పూత గీకేసి, గాలి ఆడే చోట చేయండి.

ఇక పూతల వరుస. తుప్పు తీసిన రేకును రాత్రికి అలాగే వదలొద్దు, ఆ రోజే రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ వేయండి. మామూలు గ్రే ప్రైమర్ నీటిని ఆపదు. లప్పం కూడా చెమ్మ పీల్చేదే, కాబట్టి ఎపాక్సీ మీద పల్చగా పెట్టాలి. అతుకుల వెంట సీమ్ సీలర్ (సందులు మూసే పేస్టు), ఆపైన రంగు. రంగు ఆరాక సిల్స్ లోపలికి, కమాను మడతల్లోకి పొడవాటి నాజిల్‌తో కావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల పట్టే మైనం) కొట్టండి. నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది దీన్నే, ఎందుకంటే లోపలి వైపుకి బ్రష్ ఎలాగూ అందదు. తుప్పు మీద దట్టంగా తారు కొట్టి కప్పేయడం మాత్రం తడిని లోపల బంధించడమే.

సిల్ కూడా పోయి ఉంటే, కోసే ముందు డోరు కంతకు అడ్డంగా ఇనుప బద్ద వెల్డ్ చేసి, బాడీకి కింద ఆధారం పెట్టండి. లేకపోతే బాడీ కుంగి, తర్వాత డోరు పడదు. బాడీ ఛాసిస్ మీద కూర్చునే మౌంట్లను, ఛాసిస్ గొట్టాల్ని కూడా సుత్తితో తట్టి చూడండి. అక్కడ సుత్తి దిగబడితే ఫ్లోర్ పని ఆపేసి, ఛాసిస్ పని తెలిసిన వెల్డర్‌కి ముందు అది చూపించండి.