గడ్డం తొండ మేత కోసం సిప్ ఆపాలా?

ప్రశ్న: మాది నెల్లూరు. బెంగళూరు మారతహళ్లిలో అద్దెకుంటున్నాం. మావారి జీతం చేతికి 74,000 వస్తుంది. ఆరో తరగతి చదివే మా బాబు పట్టుబడితే రెండు నెలల కిందట బియర్డెడ్ డ్రాగన్ (గడ్డం తొండ) పిల్లను తెచ్చాం. పేరు బుజ్జి, వయసు నాలుగు నెలలు. వారానికో డబ్బా, అంటే 300 క్రికెట్ పురుగులు (కీచురాళ్లు) తెప్పిస్తున్నాం. డబ్బా 600, కొరియర్ 180. నాలుగో రోజుకే మూడో వంతు చచ్చిపోతున్నాయి. లైట్లు, మేత అన్నీ క్రెడిట్ కార్డు మీదే కొంటూ, ప్రతి నెలా కనీస మొత్తం మాత్రమే కడుతున్నాం. బాకీ 11,400 అయింది. అత్యవసరానికని బ్యాంకులో 60,000 ఉంచాం. బాబు కోసం మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే 5,000 సిప్ ఆపేద్దామని మావారు అంటున్నారు. పురుగులు తగ్గించి పాలకూర పెంచితే ఖర్చు కలిసొస్తుందా?

జవాబు: అమ్మా, ముందు మీరు అడిగినవాటికి జవాబు చెప్పేస్తాను. సిప్ ఆపకండి. బుజ్జి తినే పురుగులనూ ఇప్పుడు తగ్గించకండి. తగ్గించాల్సింది వేరే ఉంది, అది మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది.

వారానికి 780 చొప్పున నెలకు మీకయ్యేది 3,120 రూపాయలు. అందులో కొరియర్‌కే 720 పోతోంది. చచ్చిపోయి చెత్తబుట్టలో పడే పురుగుల విలువ మరో 800. అంటే 1,520 రూపాయలు, దాదాపు సగం డబ్బు, బుజ్జి నోట్లోకి వెళ్లడమే లేదు. ఇక కార్డు బాకీ. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 11,400 మీద నెలకు దాదాపు 400, దాని మీద జీఎస్టీ అదనం. కనీస మొత్తం కడుతూ పోయినంత కాలం కొత్తగా కొన్న డబ్బా మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. పొదుపు ఖాతాలో మూడు శాతం కూడా రాని డబ్బును అలా ఉంచి, ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతున్నారు. నాకు బాధనిపించింది అక్కడే, పురుగుల ఖర్చు దగ్గర కాదు.

ఇప్పుడు మేత సంగతి. బియర్డెడ్ డ్రాగన్‌ను పెంచేవాళ్లు గడ్డం తొండ అని కూడా అంటారు. మన ఊళ్లలో కంచె మీద కూర్చుని తలాడించే తొండ, ఇదీ ఒకే కుటుంబం. పుట్టిల్లు ఆస్ట్రేలియాలోని మెట్ట ప్రాంతాలు. గుడ్డులోంచి వచ్చినప్పుడు నాలుగంగుళాలు ఉండే పిల్ల, ఏడాది తిరిగేసరికి ఒకటిన్నర అడుగు దాటుతుంది. ఆ ఎదుగుదలకు మాంసకృత్తులు కావాలి. అందుకే ఈ వయసులో మేతలో మూడు వంతులు పురుగులు, ఒక వంతు ఆకులు ఉంటాయి. పెద్దదయ్యాక లెక్క తిరగబడుతుంది. మూడు వంతులు ఆకులు, ఒక వంతు పురుగులు సరిపోతాయి. కాబట్టి మీరు ఇప్పుడు కడుతున్నది ఈ ఖర్చులో శిఖరం. ఇంకో ఏడెనిమిది నెలల్లో అదే దిగుతుంది. కొన్ని నెలల్లో తగ్గిపోయే ఖర్చు కోసం పదేళ్లు సాగాల్సిన సిప్‌ను ఆపడం సరికాదు.

పాలకూర మాత్రం వద్దు. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. తోటకూర, బచ్చలి, గోంగూర కూడా రోజూ పెట్టే ఆకులు కావు. మునగాకు, ఆవాకు మంచివి. మందార పూలు, తురిమిన గుమ్మడికాయ పెట్టొచ్చు. మునగాకు మీ వీధిలోనే ఏదో ఒక చెట్టుకు దొరుకుతుంది, మందుకొట్టని చెట్టయితే చాలు. బుజ్జి ముట్టుకోకపోయినా రోజూ పొద్దున్నే సన్నగా తరిగిన ఆకు దాని ముందు పెట్టండి. ఇప్పుడు అలవాటు కాకపోతే పెద్దయ్యాక పురుగులకే మొండికేస్తుంది. అప్పుడు దిగాల్సిన ఖర్చు దిగదు.

పురుగుల వృథా ఆపడానికి ఒక ప్లాస్టిక్ టబ్ చాలు. గాలి ఆడేలా మూతకు జాలీ బిగించండి. కోడిగుడ్ల అట్టలు నిలువుగా పెట్టండి. నీళ్ల గిన్నె వద్దు, అందులో పడి చస్తాయి. క్యారెట్ ముక్క వేస్తే తడికి తడి, తిండికి తిండి. చచ్చినవాటిని రోజూ ఏరేయండి, తడి వాసన పట్టిన డబ్బాలో మిగతావీ నిలవవు. బుజ్జికి వేసే ముందు ఒక రోజంతా ఆ పురుగులకు మునగాకు, క్యారెట్ మేపండి. పురుగు కడుపులో ఉన్నదే బుజ్జికి దక్కుతుంది. బుజ్జి రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్ద పురుగు వేయకూడదు.

మూడు వారాలకోసారి ఆర్డర్ పెట్టండి. మొదటి వారానికి క్రికెట్లు, మిగతా రెండు వారాలకు డూబియా బొద్దింక పిల్లలు. అవి ధర కాస్త ఎక్కువైనా త్వరగా చావవు, నున్నటి టబ్ గోడ ఎక్కలేవు. కొరియర్ నెలకు 240కి దిగుతుంది. మొత్తం ఖర్చు రెండు వేల చిల్లరకు వస్తుంది.

ఇంట్లోనే పురుగులు పెంచితే ఉచితమని చాలామంది చెబుతారు. పెద్ద ఎత్తున దిగకండి. డూబియా పిల్ల పెద్దదై మళ్లీ పిల్లలు పెట్టడానికి ఐదారు నెలలు పడుతుంది. ఈలోపు బుజ్జి ఆకుల వయసుకు దగ్గరపడుతుంది. ఇప్పటి ఖర్చును అది తగ్గించలేదు. పెద్దయ్యాక వారానికి కావలసిన కాసిని పురుగుల కోసం మాత్రం చిన్న టబ్బు ఒకటి ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. పట్టుకు పేరున్న రామనగర వైపు చుట్టాలుంటే పట్టుపురుగులు అడగండి. కొవ్వు తక్కువ, మెత్తగా ఉంటాయి, ఎదిగే పిల్లకు చాలా మంచివి. అయితే పురుగుల గదిలో చల్లే మందుల సంగతి రైతును అడిగి తెలుసుకున్నాకే తేవాలి. బాబు పార్కులో పట్టుకొచ్చే మిడతలు వద్దు. మిణుగురు పురుగు అయితే ఒక్కటి చాలు, ప్రాణం తీస్తుంది. ఈ మాట బాబును పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి.

రెండు చోట్ల మాత్రం పైసా కూడా కోత పెట్టకండి. ఒకటి కాల్షియం పొడి. క్రికెట్లలో కాల్షియం కంటే ఫాస్ఫరస్ చాలా ఎక్కువ. అందుకే ఈ వయసులో రోజూ ఒక పూటైనా పొడి అద్దే వేయాలి. రెండోది యూవీబీ ట్యూబ్, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలనిచ్చే లైటు. ఆ కాంతి పడితేనే ఒంట్లో డి3 విటమిన్ తయారై, కాల్షియం ఎముకకు చేరుతుంది. నా దగ్గరకు వచ్చే ఒక కుటుంబం ఎండ వస్తోంది కదా అని తొట్టిని కిటికీ అద్దం పక్కన పెట్టి ట్యూబ్ కొనడం మానేసింది. అద్దం యూవీబీని ఆపేస్తుందని వాళ్లకు తెలియదు. నేను వెళ్లిన రోజు ఆ తొండ ముందుకాళ్లు వణుకుతున్నాయి, దవడ రబ్బరులా వంగిపోయింది. వాళ్లమ్మాయి వేలి మీద ఆకుముక్క పెట్టి అందిస్తే నోరు మూయలేకపోయింది. ఆ మూడు నెలల ఆసుపత్రి బిల్లుతో నాలుగేళ్ల ట్యూబులు వచ్చేవి. ట్యూబ్ వెలుగుతూనే ఉన్నా అందులో సత్తువ తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికోసారి మార్చాలి, కొన్ని రకాలైతే ఆరు నెలలకే. అందుకని నెలకు 200 పక్కన పెట్టండి.

కరెంటు సంగతి చాలామంది మర్చిపోతారు. 100 వాట్ల వేడి బల్బు పన్నెండు గంటలు వెలిగితే నెలకు 36 యూనిట్లు. ట్యూబుతో కలిపి 45 దాకా వస్తాయి. మీరు కర్ణాటక ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో ఉంటే నెల వాడకం 200 యూనిట్లు దాటకుండా చూసుకోండి, దాటితే బిల్లు మొత్తం మీరే కట్టాలి. గీజర్ దగ్గర కాస్త జాగ్రత్త పడితే చాలు. బుజ్జి వేడి తగ్గించకండి, ఒళ్లు వేడెక్కకపోతే దానికి తిన్నది అరగదు.

ఇక డబ్బు సర్దుబాటు. ఆ 60,000 నుంచి 11,400 తీసి కార్డు బాకీ పూర్తిగా తీర్చేయండి. మేతలో మిగిలే వెయ్యి, ఆగిపోయే వడ్డీ 400 కలిపి ప్రతి నెలా అదే ఖాతాలో తిరిగి వేయండి. ఎనిమిది నెలల్లో పూడిపోతుంది. సరిగ్గా అప్పటికి పురుగుల ఖర్చూ దిగుతుంది. అప్పుడు 500 రూపాయల ఆర్‌డీ ఒకటి బుజ్జి వైద్యానికి తెరవండి. ఇది పదేళ్ల ప్రాణి. పాములు, తాబేళ్లను చూసే డాక్టర్లు తక్కువ, ఫీజు ఎక్కువ. అలాంటి డాక్టరు మీకు దగ్గర్లో ఎవరున్నారో జబ్బు రాకముందే కనుక్కుని పెట్టుకోండి. కొన్న రసీదు భద్రంగా దాచండి. విదేశీ జంతువుల నమోదుపై 2024లో కొత్త నిబంధనలు వచ్చాయి, అవి బుజ్జికి వర్తిస్తాయేమో అటవీ శాఖను అడగండి.

ఆదివారం పొద్దున వంటింటి కాటా మీద బుజ్జిని తూచి, ఆ బరువును మీ ఖర్చుల పుస్తకంలోనే రాయించండి. ఆ పని బాబుకే అప్పగించండి. రెండు వారాలు వరుసగా బరువు పెరగకపోతే మేత గురించి డాక్టరును అడగండి. కార్డు బాకీ మాత్రం ఈ నెల గడువు తేదీ దాకా కూడా ఆగకండి, ఇవాళే కట్టేయండి.