పాఠకుల ప్రశ్నలు: టోటిలాపై రెండు తీర్పులెందుకు?

ప్రశ్న: 541 నుంచి 552 వరకు ఇటలీలో గోత్ అనే జర్మన్ జాతివారిని ఏలిన ఆస్ట్రోగోత్ రాజు టోటిలాను, అతనితో యుద్ధం చేసిన తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ శాసనం రాజ్యాపహారి అని నిందించింది. అదే చక్రవర్తి పక్షానికి చెందిన చరిత్రకారుడు ప్రొకోపియస్ మాత్రం అతనిని మెచ్చుకున్నాడని చదివాను. ఏది నమ్మాలి?
– డిగ్రీ చరిత్ర విద్యార్థిని, తిరుపతి

జవాబు: ప్రొకోపియస్ జస్టీనియన్ సేనాని బెలిసారియస్ వద్ద కార్యదర్శిగా పనిచేసినవాడు కాబట్టి, శత్రువును ఊరికే పొగడవలసిన అవసరం అతనికి లేదు. 543లో నేపుల్స్ నగరం టోటిలాకు లొంగినప్పుడు, ముట్టడిలో ఎముకల గూళ్లయిన జనం ఒక్కసారిగా తిని ప్రాణం మీదికి తెచ్చుకుంటారని గ్రహించిన టోటిలా, కోట ద్వారాల వద్ద, రేవు వద్ద కాపలా పెట్టి ఎవరినీ బయటికి పోనివ్వక, తానే కొలిచి కొద్దికొద్దిగా ఆహారం పెట్టించి, రోజురోజుకూ కాస్త పెంచుతూ, వారికి సత్తువ వచ్చాకనే తలుపులు తీయించాడు. లంఖణం విడిచినవారికి మొదట గంజినీళ్లే పట్టే మన చిత్తూరు పెద్దలకు ఈ జాగ్రత్త వివరించనక్కరలేదు. అలాగని అతనిని సాధువుగా ఊహించుకోకూడదు. రోము దగ్గరి టిబుర్ (నేటి టివోలి) పట్టణవాసులను టోటిలా చంపించిన తీరు తనకు తెలిసినా, అంతటి అమానుషాన్ని ముందు తరాలకు మిగల్చకూడదని రాయడం లేదని ప్రొకోపియసే చెప్పాడు.

శాసనం కోపానికి కారణం నేపుల్సూ కాదు, టిబురూ కాదు, భూమి అని నా అభిప్రాయం. టోటిలా రైతులను నిర్భయంగా సేద్యం చేసుకోమని చెప్పి, ఖజానాకు కట్టే పన్నుతో పాటు భూస్వాములకు చెల్లించే భాగాన్ని కూడా తనకే కట్టమన్నాడు. యజమానులను విడిచి వచ్చిన బానిసలను సైన్యంలో చేర్చుకున్నాడు. 546లో రోము తరఫున రాయబారిగా వచ్చిన క్రైస్తవ మతాధికారి పెలాగియస్‌ను మర్యాదగా ఆదరించి, మూడు విషయాలు మాత్రం అడగవద్దని ముందే చెప్పాడు: సిసిలీ వాసులపై దయ, రోము గోడల రక్షణ, ఆ బానిసల అప్పగింత. ఆ డిసెంబరులో, కాపలా ఉన్న చక్రవర్తి సేనలోని ఇసౌరియన్ (ఆసియా మైనర్‌కు చెందిన) సైనికులు ద్వారం తెరవగా, రోము అతని వశమైంది.

552లో టాగినే యుద్ధంలో జస్టీనియన్ సేనాని నార్సెస్ సేన చేతిలో ఓడి టోటిలా మరణించాడు. 554 నాటి ఆ జస్టీనియన్ శాసనం, అతనికి ముందరి గోతు రాజులైన అతలారిక్, థియోడహాద్ ఇచ్చిన దానాలను చెల్లుబాటు చేస్తూనే, టోటిలా ఇచ్చినవాటిని మాత్రం రద్దు చేసి, అతని కాలంలో యజమానుల చేజారిన బానిసలను, కౌలు రైతులను తిరిగి వారికే అప్పగించమని ఆజ్ఞాపించింది.