ఉద్యోగం చేస్తూ ఆదివారాలు సేద్యం కుదురుతుందా?

హైదరాబాద్‌లో ఉద్యోగం, ఊళ్లో ఎకరం చెలక, ఆదివారాలే తీరిక, ఏం పెట్టమంటారని అడిగారు.

మామిడి పెట్టండి. మిరప, కూరగాయలు వద్దు, పురుగు ఆదివారం దాకా ఆగదు. 8 మీటర్ల ఎడంతో ఎకరానికి 60 పైచిలుకు మొక్కలు పడతాయి. డ్రిప్ తప్పనిసరి. మొదటి మూడు నాలుగేళ్లు సాళ్ల మధ్య కంది వేసుకోవచ్చు.

వెళ్లిన ప్రతిసారీ ఒక్కో మొక్క మొదట్లో కూర్చుని చూడండి. అంటు కట్టిన చోటుకి కింద ఎర్రటి చిగురు నిగనిగలాడుతూ పుడుతుంది, తుంచబుద్ధి కాదు. అయినా తుంచేయాలి. అది కింది నాటుమొక్కది. వదిలేస్తే పైన అంటు కట్టిన బంగినపల్లి అణగారిపోయి నాటు మామిడే పెరుగుతుంది. మొదటి మూడేళ్లు పూత కూడా తీసేయండి. నాకైతే అదే అన్నిటికంటే కష్టమనిపించింది. తొలి రెండు వేసవులు మాత్రం మొక్కల్ని రోజూ చూసుకునే మనిషిని ఊళ్లోనే జీతానికి పెట్టుకోండి.