నల్లకుక్క ఫొటోలో బొగ్గుముద్దలా పడుతోంది, ఏం చేయాలి?

జంతువుల షెల్టర్ నుంచి తెచ్చి పెంచుకుంటున్న జీవాలకు ఫొటోలు తీసి, వచ్చిన డబ్బును గాయపడిన కుక్కలు, పిల్లుల వైద్యానికి ఇవ్వాలనుకునే వాళ్ల ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. వాటిలో కొన్నింటికి జవాబులివి.

ప్రశ్న: ఫోన్‌తోనే తీస్తున్నాం. గోధుమరంగు కుక్కలు బాగా వస్తున్నాయి. నల్లవాటికి మాత్రం కళ్లు, ముక్కు ఏవీ తెలియడం లేదు. – ఓ పాఠకురాలు, నల్లగొండ

మీ ఫోన్ చెడిపోలేదండీ. అది ఫ్రేములోని వెలుగునంతా కలిపి సగటు చూసుకుంటుంది. వెనక సున్నం గోడో ఆకాశమో ఉంటే ఆ తెలుపును తగ్గించబోయి కుక్కను బొగ్గుముద్ద చేస్తుంది. అదే నల్లటి మొహం ఫ్రేమంతా నిండితే ఉల్టా అవుతుంది. చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది, నలుపు కాస్తా బూడిదరంగుకు తిరుగుతుంది. అందుకే ముందు కుక్క కంటి మీద వేలితో తాకి, పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును జరపండి. వెనక తెలుపుంటే కొంచెం పైకి, మొహం దగ్గరగా తీస్తుంటే కొంచెం కిందికి. కెమెరా అయితే ఈ తేడా మూడింట రెండు వంతుల స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా ఉంటుంది (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపో సగమో కావడం).

అన్నిటికంటే ముఖ్యం కూర్చోబెట్టే చోటు. వేపచెట్టు నీడ అంచునో, వరండాలో గడప పక్కనో, మొహం బయటి వెలుగు వైపు ఉండేలా కూర్చోబెట్టండి. మీరు నేల మీద కూర్చుని కెమెరాను దాని కంటి ఎత్తుకు దించండి. కంటిలో చిన్న తెల్లచుక్క మెరవాలి. అది లేని ఫొటోలో ఎంత మంచి కుక్కైనా జీవం లేనట్టు కనిపిస్తుంది. ఇంకొకటి, మన ఎర్రమట్టి దుమ్ము నల్లటి బొచ్చు మీద తెల్లగా తేలుతుంది. తడిబట్టతో తుడిచి, ఆరాక దువ్వండి.

ప్రశ్న: ఏప్రిల్‌లో ఒక ఆదివారం 12 కుక్కలను, 3 పిల్లులను పిల్లలమర్రికి రమ్మందామనుకుంటున్నాం. – ఓ మిత్రబృందం, మహబూబ్‌నగర్

మర్రి ఊడల ముందు ఫొటో అందంగా ఉంటుందన్నది నిజమే. కానీ ఆదివారం జనం, పిల్లల అరుపులు, ఒకదానికొకటి కొత్తవైన పన్నెండు కుక్కలు. వద్దు. ఎవరిదైనా ప్రహరీ ఉన్న వాకిలి తీసుకోండి. పిల్లులను అసలు కదిలించకండి, వాటి ఇంటికే వెళ్లండి.

ఏప్రిల్ కాబట్టి ఉదయం 6:15 నుంచి 8:45 లోపే ముగించాలి. ఒక్కో కుక్కకు 20 నిమిషాలు, అది వెళ్లి ఇంకొకటి వచ్చేందుకు మరో 10 నిమిషాలు. అంటే ఒక పూటకు అయిదే. పన్నెండింటికి మూడు ఆదివారాలు పడతాయి. షాబాదు బండ మీద అరచేతి వెనకవైపు ఏడు సెకన్లు ఆనించండి. మీకు కాలితే కుక్క పాదాలకూ కాలుతుంది.

బెల్టు మాత్రం ఎవరు ఎంత చెప్పినా విప్పవద్దు. షెల్టర్ నుంచి వచ్చిన కుక్క బెదిరి గేటు దాటితే అంత తేలిగ్గా దొరకదు. పట్టుకున్నవాళ్లు తాడును పక్కకు, కాస్త పైకి ఎత్తి పట్టాలి. కెమెరాను స్టాండు మీద కదలకుండా ఉంచి, కుక్క లేకుండా అదే చోటును ఇంకో ఫొటో తీయండి. స్టూడియోలో రెండూ కలిపి తాడును చెరిపేస్తారు.

చూపు తిప్పించడానికి చిప్స్ ప్యాకెట్ నలిపిన చప్పుడు చాలు. అయితే అది రెండు మూడు సార్లే పనిచేస్తుంది, అందుకే కెమెరా సిద్ధమయ్యాకే నలపండి. కుక్క ఒక్కచోట నిలవకపోతే షట్టర్ వేగం 1/500 సెకను పెట్టండి. ఊరికే ఆవులించడం, పెదాలు నాకడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం భయానికి గుర్తులు. ఇవి కనిపిస్తే ఇరవై నిమిషాలు కాకపోయినా ఆపేయండి. టీకాలు పూర్తికాని కూనలను పిలవవద్దు. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌తో పోదు.

ప్రశ్న: పిల్లికి ఫ్లాష్ వేయొచ్చా? – ఓ పాఠకుడు, దేవరకొండ

వద్దు. దాని కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, వెలుగు దానికి తగిలి కళ్లు పచ్చగా మండుతున్నట్టు పడతాయి. కిటికీ పక్కన పగటి వెలుగులో తీయండి.

ప్రశ్న: ఫోన్‌లో అద్భుతంగా ఉన్న ఫొటో 8×12 ప్రింటులో మసకబారింది. చెవి కూడా తెగింది. – ఓ పాఠకుడు, వనపర్తి

వాట్సాప్‌లో మామూలుగా పంపి ఉంటారు. అది ఫొటోను కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. 8×12 అంగుళాలకు 2400×3600 పిక్సెళ్లుంటే నిశ్చింత. చెవి తెగడానికి కారణం కొలత. ఫోన్ ఫొటో 3:4, ప్రింటు 2:3. నిలువు ఫొటోలో వెడల్పు నుంచి తొమ్మిదో వంతు పోతుంది. తీసేటప్పుడే రెండు పక్కలా ఖాళీ వదలండి. పోర్ట్రెయిట్ మోడ్ కూడా వాడకండి, మీసాలను, చెవి అంచు వెంట్రుకలను అది గోడతో పాటే మసక చేస్తుంది. వెనక తెరగా చీర కడితే సాదా రంగుదే కట్టండి. నారాయణపేట చీరలోని సన్నటి గడులు ఫొటోలో అలలు అలలుగా తేలే ప్రమాదం ఉంది.

ప్రశ్న: ఒక్కో ఫొటోకు 500 రూపాయలనుకున్నాం. అమెరికాలో ఉన్న మా అన్నయ్య కూడా సంస్థకు డబ్బు పంపుతానంటున్నాడు. – ఓ పాఠకురాలు, మిర్యాలగూడ

ఆ 500 మీ ఖాతాకు రానివ్వకండి. కుటుంబం నేరుగా షెల్టర్ ఖాతాలో వేసి, ఆ రసీదు చూపాకే టైము ఇవ్వండి. ప్రింటు, ఫ్రేము ఖర్చు విడిగా స్టూడియోకు కట్టుకుంటారు. అప్పుడు లెక్క అడిగేవాళ్లకు మీరు చెప్పుకోవాల్సింది ఏమీ ఉండదు.

మీ అన్నయ్య విషయంలో చూడాల్సింది పాస్‌పోర్టు. భారత పాస్‌పోర్టే ఉంటే, తన సంపాదనను బ్యాంకు ద్వారా పంపినప్పుడు అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు సంస్థ దగ్గర ఉంచితే చాలు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి. ఆ డబ్బు కూడా ముందు స్టేట్ బ్యాంక్ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాలో పడాలి. మీ షెల్టర్‌కు ఆ రిజిస్ట్రేషనో అనుమతో లేకపోతే, ఉన్న మరో సంస్థకు పంపమనండి.

ఫొటోకు బదులుగా తీసుకున్న సొమ్ముకు 80జీ రసీదు (విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపుకు పనికొచ్చేది) ఇవ్వకూడదు. పైన ఎవరైనా ఇష్టంగా ఇచ్చేది వేరు. సంస్థకు 80జీ ఆమోదం ఉంటే దానికి రసీదు ఇవ్వొచ్చు, కానీ నగదు 2,000 రూపాయలు దాటితే ఆ మినహాయింపు రాదు. అందుకే రెండు రసీదు పుస్తకాలు పెట్టమని షెల్టర్ వాళ్లకు ముందే చెప్పండి.