లైసెన్సు అక్కర్లేని స్కూటరు ఏది?

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. ట్యూషన్‌కు వెళ్లిరావడానికి ఎలక్ట్రిక్ స్కూటరు కొందామనుకుంటున్నాం. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదని, కావాలంటే వేగం పెంచి ఇస్తామని షోరూం వారంటున్నారు. పన్నే లేనప్పుడు రిజిస్ట్రేషన్ ఎందుకని మా బంధువుల వాదన. ఇందులో నిజమెంత?
– ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: షోరూం వారి మొదటి మాట కొన్ని బండ్లకు నిజమే. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, అధీకృత పరీక్షా సంస్థ ఆ మేరకు ధ్రువీకరించిన బండిని మోటారు వాహనంగా పరిగణించరు. కనుక దానికి లైసెన్సు, నంబరు ప్లేటు, బీమా తప్పనిసరి కావు. పుణెలోని ఏఆర్ఏఐ వంటి వాహన పరీక్షా సంస్థ ఆ మోడల్‌కు ఇచ్చిన ధ్రువపత్రం నకలు అడగండి. చూపడానికి తటపటాయిస్తే ఆ బండి వద్దు.

వేగం పెంచి ఇస్తామన్న మాటకు మాత్రం ససేమిరా ఒప్పుకోకండి. మినహాయింపు దక్కిందే వేగానికి హద్దు ఉన్నందువల్ల కాబట్టి, ఆ హద్దు తీసేసిన క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనమే. అప్పుడు పోలీసులు నిలదీసేది షోరూం వారిని కాదు, మిమ్మల్ని. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ కింద, మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకులకు లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. అబ్బాయికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు కూడా రాదు. ఎవరినైనా ఢీకొడితే, బీమా ఉండదు గనుక, పరిహారం మీ జేబులోంచే కట్టాలి.

ఇక మీ బంధువుల వాదన. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు మినహాయించింది రోడ్డు పన్నును, రిజిస్ట్రేషన్ ఫీజును మాత్రమే. పైన చెప్పిన హద్దులు దాటే బండికి రిజిస్ట్రేషన్ చేయించి, ఆకుపచ్చ ప్లేటుపై తెల్ల అక్షరాలతో నంబరు వేయించుకోవలసిందే. అలాంటి బండికి హెల్మెట్ చట్టరీత్యా తప్పనిసరి. చిన్న బండికి చట్టం అడగకపోయినా మీరు అడగండి.

మరొక స్థానిక నిబంధన: మీ మెహిదీపట్నంలో మొదలయ్యే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మీదికీ, ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికీ ద్విచక్ర వాహనాలను రానివ్వరు. కరెంటుతో నడిచే బండి అయినా అంతే.