మాల్టా అక్వేరియం పిల్లలకు చూపించదగ్గదేనా?

"వచ్చే నెల మాల్టా వస్తున్నాం. కౌరాలోని నేషనల్ అక్వేరియానికి పిల్లల్ని తీసుకెళ్లొచ్చా, డబ్బు దండగా?" అని అడిగారు కదా. నేనుండేది ఆ పక్కనే బుజిబ్బాలో. మనవాళ్లు ఎవరొచ్చినా అక్కడికి తిప్పే డ్యూటీ నాదే. వెళ్లండి. కాకపోతే దుబాయ్, సింగపూర్ అక్వేరియాలు చూసొచ్చినవాళ్లకు ఇది చిన్నగా అనిపిస్తుంది, ముందే చెప్తున్నా.

2013లో తెరిచారు. కట్టడం నక్షత్ర చేప ఆకారంలో ఉంటుంది. లోపలికి రాగానే అందరూ సొరచేపలున్న సొరంగం వైపు పరిగెడతారు. ఆ పెద్ద ట్యాంకు ఎటూ పోదు. ముందు మధ్యధరా చేపల ట్యాంకుల దగ్గర నిదానంగా నిలబడండి, మాల్టా చుట్టూ ఉన్న సముద్రం కనిపించేది అక్కడే. మా అమ్మది కాకినాడ దగ్గర. బొంత చేపను చూడగానే "ఇక్కడ ఇది కిలో ఎంతరా?" అంది. టేకు చేప దగ్గరా అదే ప్రశ్న. సొరంగంలో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు, ధర అడగడానికి కూడా గుర్తు రాలేదనుకుంటా!

ట్యాంకుల్లో అక్కడక్కడా మట్టి కూజాలు, మునిగిన ఓడల ముక్కల్లాంటివి కనిపిస్తాయి. నిజానికి అవి నమూనాలే. కానీ పిల్లలకు ఆ కథ చెప్పకపోతే సగం విలువ పోయినట్టే. పాతకాలంలో నూనె, ద్రాక్షసారా అలాంటి కూజాల్లోనే ఓడలెక్కేవి. వాటిని ఆంఫోరా అంటారు. ఓడ మునిగితే ఆక్టోపస్‌లకు అవే ఇళ్లు. ఇరుకు సందు కనిపిస్తే దూరే అలవాటు వాటిది. అందుకే మధ్యధరా జాలర్లు ఎన్నో వందల ఏళ్లుగా ఖాళీ కుండలు తాడుకు కట్టి సముద్రంలో వదిలి ఆక్టోపస్‌లను పడుతున్నారు. ఎర కూడా అక్కర్లేదు, ఇల్లు దొరికిందని అదే వచ్చి కూర్చుంటుంది.

అసలువి ఎక్కడున్నాయంటే, గోజో దీవి పక్కన ష్లెండి దగ్గర సుమారు 110 మీటర్ల లోతులో ఫినీషియన్ల (పాతకాలపు సముద్ర వర్తకులు) ఓడ ఒకటి పడి ఉంది. క్రీస్తు పూర్వం 7వ శతాబ్దం నాటిది. అందులో ఆంఫోరాలతో పాటు తిరగలి రాళ్లూ దొరికాయి. అంత లోతుకి మనం పోలేం కాబట్టి, ఇక్కడి పురావస్తు వాళ్లు ఇలా సముద్రంలో మునిగిన ఓడలను, విమానాలను త్రీడీలో తీసి 'అండర్‌వాటర్ మాల్టా' అనే వర్చువల్ మ్యూజియంలో ఉచితంగా పెట్టారు. బయల్దేరే ముందు రోజు రాత్రి ఫోన్‌లో అది చూపించండి. మా మేనల్లుడు అది చూసి వెళ్లాడు కాబట్టే ట్యాంకులో కూజా కనిపించగానే గాజుకు ముక్కు ఆనించాడు.

మీరు చర్చికి వెళ్లేవాళ్లైతే ఇంకో సంగతి. అక్వేరియం ఉన్నది సెయింట్ పాల్స్ బే ప్రాంతంలోనే. ఆ సెయింట్ పాల్ అంటే బైబిల్లోని అపొస్తలుడు పౌలే. ఆయన ఎక్కిన ఓడ క్రీస్తు శకం 60 ప్రాంతంలో ఈ తీరంలోనే బద్దలైందని ఇక్కడివాళ్ల నమ్మకం. పక్కనే సలీనా దగ్గర సముద్రంలో దాదాపు 4 టన్నుల రోమన్ సీసపు లంగరు దూలం (లంగరుకు అడ్డంగా ఉండే కడ్డీ) దొరికింది. దాని మీద ఐసిస్, సరాపిస్ అనే ఈజిప్టు దేవతల పేర్లున్నాయి. గైడ్లు కొందరు అది పౌలు ఓడదే అంటారు, దానికి రుజువేమీ లేదు. ఆ దూలం బిర్గు అనే ఊళ్లోని మారిటైమ్ (సముద్రయాన) మ్యూజియం వాళ్ల దగ్గర ఉంది, వీలైతే వేరే రోజు పెట్టుకోండి.

ఇక అక్వేరియంలో పాములు, పురుగుల విభాగం కూడా ఉంది. టైం లేకపోతే వదిలేయండి. టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకోండి. వాన పడే రోజు మాత్రం వెళ్లకండి, బీచ్‌కు పోలేని టూరిస్టులంతా అక్కడే ఉంటారు.